చార్టు పది రూపాయలే: ఎనిమిదో తరగతి కేసు ఒకటి

ఉత్తర తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను గణితం టీచర్ని, 2024–25లో ఎనిమిదో తరగతికి క్లాస్ టీచర్ని కూడా. ఆ ఏడాది బడి సామాన్ల ఖర్చుతో ఇబ్బందిపడిన ఒక అమ్మాయి విషయంలో నేను వరసగా చేసిన నాలుగు ప్రయత్నాలు పనికి రాలేదు. ఐదోసారికి గానీ దారి దొరకలేదు. ఇలాంటి బళ్లలో పనిచేసే తోటి టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను. పాపకూ వాళ్లమ్మకూ చెప్పి, ఒప్పుకున్నాకే రాశాను. పేర్లు, ఊరు రాయలేదు. గుర్తుపట్టే వీలున్న రెండు మూడు వివరాలు మార్చాను. లెక్కలు మాత్రం నా నోట్‌బుక్కులో ఉన్నవే.

నేపథ్యం

మాది బీడీల ఊరు. ఆడవాళ్లలో ఎక్కువమంది చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాళ్లే. మగవాళ్లలో చాలామంది గల్ఫ్‌లో ఉంటారు, లేదంటే వెళ్లొచ్చి ఉంటారు, అదీ కాదంటే వెళ్లే ప్రయత్నంలో ఉంటారు. బడిలో నూట నలభై చిల్లర పిల్లలు. ఎనిమిదిలో 31 మంది.

ఈ పాప తండ్రి రెండేళ్ల కిందట గల్ఫ్ వెళ్లాడు. పంపే డబ్బంతా ఏజెంటుకు కట్టడానికి చేసిన అప్పుకే పోతోంది. ఊరికి మాత్రం ‘గల్ఫ్ పైసలొచ్చే ఇల్లు’ అది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. తల్లి బీడీలు చుడుతుంది. వెయ్యికి వచ్చేది రెండొందల చిల్లర. పని నెలంతా ఉండదు. తమ్ముడు మా బడిలోనే ఆరో తరగతి.

ఇక సామాన్ల సంగతి. సర్కారు బళ్లో పాఠ్యపుస్తకాలు ఉచితం, రెండు జతల యూనిఫాం ఉచితం. 2023–24 నుంచి ఆరు నుంచి పది దాకా నోట్‌బుక్కులు కూడా ఇస్తున్నారు. అందుకని స్టాఫ్‌రూములో మా అందరి నమ్మకం ఒకటే: ‘మన పిల్లలకు ఖర్చేముంది, అన్నీ వస్తున్నాయి కదా!’

ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో తర్వాత ఆలోచించాను. మా పిల్లలు చదివేది ప్రైవేటు బళ్లలో. జూన్ మొదటి వారంలో పుస్తకాల కట్ట, టై, బెల్టు, నలుపు బూట్లు, శనివారానికి తెల్ల బూట్లు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఆ బిల్లు చూసి నేనూ మా ఆయనా ఏటా ఒక పూట మాట్లాడుకోం. బడి సామాన్ల ఖర్చంటే మాకు తెలిసిన రూపం అదే, జూన్‌లో వచ్చే పెద్ద బిల్లు. సర్కారు బళ్లో అది లేదు కాబట్టి ఖర్చే లేదనుకున్నాం. మరో రూపంలో ఉంటుందన్న ఊహే మాకు రాలేదు.

సమస్య ఎలా కంటపడింది

ఆగస్టు చివర్లో హాజరు కూడుతుంటే పాప గైర్హాజరు కొంచెం తేడాగా అనిపించింది. వరసగా మానదు. ఒక రోజు, రెండు రోజులు, మళ్లీ వారం పాటు చక్కగా వస్తుంది. చదువులో వెనకబడిన పిల్లేమీ కాదు. నోటి లెక్కల్లో తరగతిలో మొదటి ముగ్గురిలో ఉంటుంది. ప్రాజెక్టు మార్కులు మాత్రం కొన్ని సబ్జెక్టుల్లో ఐదుకు ఐదు, కొన్నింట్లో సున్నా. మధ్యలో ఏమీ లేదు.

మొదటి తప్పు ఇక్కడ చేశాను. పదమూడేళ్ల ఆడపిల్ల నెలలో నాలుగైదు రోజులు మానుతోందంటే నెలసరి ఇబ్బంది అనుకున్నాను. మా బడి మరుగుదొడ్ల స్థితి తెలిసిన ఎవరైనా అదే అనుకుంటారు. జీవశాస్త్రం మేడంతో చెప్పి విడిగా మాట్లాడించాను. పాప తల అడ్డంగా ఊపింది, అంతే. తర్వాత, ఇంట్లో బీడీల పనికి కూర్చోబెడుతున్నారేమో అనుకున్నాను. అందులో కొంత నిజముంది, కానీ నేను ఊహించిన వైపునుంచి కాదు.

రెండు ఊహలూ తేలిపోయాక, మొదట్లోనే చేయాల్సిన పని చేశాను. జూలై నుంచి సెప్టెంబరు దాకా పాప మానిన 14 రోజుల తేదీలు ఒక కాగితం మీద వరసగా రాసి, పక్కన ఆయా రోజుల్లో తరగతిలో ఏం జరిగిందో మిగతా టీచర్లను అడిగి రాసుకున్నాను. 14లో 11 రోజులు ఎవరో ఒకరు ప్రాజెక్టు తెమ్మన్న రోజులు, లేదా దాని మర్నాడు.

ఇంటికి వెళ్లినప్పుడు

సెప్టెంబరు చివర్లో ఎఫ్‌ఏ–2 (ఏడాదిలో నాలుగుసార్లు పెట్టే చిన్న పరీక్షల్లో రెండోది) ప్రాజెక్టుల వారంలో పాప మళ్లీ రాలేదు. సాయంత్రం బడి నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లాను. తల్లి వాకిట్లో చాట ముందు పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. పాప పక్కన కూర్చుని చుట్టిన బీడీలను దారంతో కట్టలు కడుతోంది. నన్ను చూడగానే లేచి లోపలికి పోయింది.

“పైసల్లేవని కాదు మేడం,” అంది తల్లి, ఆమె మొదటి మాటే అది. “ఎప్పుడడుగుతరో తెల్వదు. పొద్దుగూకినంక వచ్చి రేపు చార్టు తేవాలె అంటది. గప్పుడు నేనేడికి పోవాలె? దుకాణం మండలంల ఉండె. బట్వాడా అయినంక అడిగితే కొనియ్యనా? నడిమిట్ల అడిగితే యాడికెల్లి తెస్త?” బట్వాడా అంటే బీడీల కూలి చేతికొచ్చే రోజు.

పాప రఫ్ నోట్సు తమ్ముడు తెచ్చి చూపించాడు. వాడికి అక్క మీద చాడీ చెప్పాలని ఉంది, ‘ఇందుల రాస్తది మేడం’ అన్నాడు. చివరి పేజీలో పట్టిక గీసి ఉంది. స్కేలు పెట్టి, గళ్లు సమానంగా, నేను తరగతిలో నేర్పినట్టే గీసింది:

తెలుగు: కవుల బొమ్మలు, కలర్ ప్రింట్లు రెండు, 20.
హిందీ: చార్టు, 10.
ఇంగ్లీషు: ఏ4 కాగితాలు, స్టిక్ ఫైలు, 25.
లెక్కలు: చార్టు, గ్రాఫ్ కాగితం, 15.
పీఎస్ (భౌతిక రసాయన శాస్త్రం): థర్మాకోల్, స్కెచ్ పెన్నులు, 70.
బయో: చార్టు, కణం బొమ్మ ప్రింటు, గమ్ము, 30.
సోషల్: చార్టు, మ్యాపులు, 20.

కింద మొత్తం 190. దాని కింద తమ్ముడివి 110. మండలానికి పోయి రావడానికి ఆటో 40. అన్నీ కలిపి 340 అని రెండు గీతలు కొట్టింది. కొన్నింటి పక్కన టిక్కు, కొన్నింటి పక్కన ఇంటూ. తల్లి ఇవ్వగలిగింది వంద. ఆ వందలో లెక్కలు, బయో, సోషల్, తెలుగు కలిపి 85కి కొనుక్కుంది, అటు పనిమీద వెళ్తున్న పక్కింటామెతో తెప్పించుకుని. మిగిలిన 15 తమ్ముడికి. హిందీ, ఇంగ్లీషు, పీఎస్ వదిలేసింది.

“ఏది కొనాలో ఎట్లా అనుకున్నవ్ అమ్మా?” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “ఎవరు తిడ్తరో వాళ్లది ముందు కొంట మేడం,” అంది. “హిందీ మేడం తిట్టది.”

ఆ పట్టికలో మొదటి టిక్కు లెక్కలకు పడింది.

కొనలేకపోయిన వాటి రోజున బడి మానడం, ఆ టీచరు కోపం చల్లారాక మర్నాడో ఎల్లుండో రావడం, ఇదీ పాప పద్ధతి. మానిన రోజు ఇంట్లో ఊరికే కూర్చోలేదు, కట్టలు కట్టింది. పనివల్ల బడి మానిందని నేననుకున్నాను. నిజానికి మానడం ముందు, పని తర్వాత.

దారిలో నడుస్తూ లెక్క వేసుకున్నాను. ఒక ఎఫ్‌ఏకు ఒక పిల్లకు ప్రాజెక్టుల సామాను 190, ఆటో 40, మొత్తం 230. అంటే సుమారు వెయ్యి బీడీలు, ఇరవై అయిదు చొప్పున నలభై కట్టలు. ఎఫ్‌ఏలో ప్రాజెక్టుకు 20లో ఐదు మార్కులు. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు. ఏడుగురు టీచర్లం తలా ఒకటి చెప్తే, ఏడాదికి 28 ప్రాజెక్టులు. ఈ అంకె నేను ఇరవై ఏళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా వేయలేదు. అడిగేది ఏడుగురం, ఎవరికి వారు పది, ఇరవై అనుకుంటాం. ఆ మొత్తం కూడి చూసింది ఒక్కరే, ఆ పిల్ల.

చేసినవి, చెడినవి

మర్నాడు పాప చేతిలో రెండొందలు పెట్టాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. అప్పటికి ఆలోచించిందేమీ లేదు, బాధ అనిపించింది, ఇచ్చాను. రెండు రోజులు వచ్చి, ఆ తర్వాత దసరా సెలవులదాకా రానేలేదు. సెలవులయ్యాక బడి తెరిచిన రోజు తమ్ముడు ఒక కవరు తెచ్చిచ్చాడు. అన్నీ పది నోట్లు, ఇరవై. ‘అమ్మ ఇయ్యమన్నది’ అని పారిపోయాడు. వాళ్లింట్లో ఇప్పటికే ఒక పెద్ద అప్పు ఉంది, నేను ఇచ్చింది ఇంకో అప్పు అయింది. అడగకుండా ఇచ్చిన డబ్బు తీర్చేదాకా ఆ పిల్ల నా ముఖం చూడలేకపోయింది.

రెండోది పూర్వ విద్యార్థుల సాయం. గల్ఫ్‌లో ఉన్న మా బడి పాత పిల్లలు వాట్సాప్‌లో డబ్బు పోగేసి, బాలల దినోత్సవానికి అరవై బ్యాగులు, కట్టలకొద్దీ లాంగ్ నోట్‌బుక్కులు పంపారు. మంచి మనసుతో చేసిన పని, తప్పు పట్టను. బ్యాగులు నిజంగా పనికొచ్చాయి, సర్కారు ఇచ్చేవాటిలో బ్యాగు లేదు కాబట్టి. నోట్‌బుక్కులు మాత్రం అప్పటికే అందరి దగ్గరా ఉన్నాయి. పైగా వచ్చినవన్నీ గీతల్లేని తెల్లవి. చిన్న తరగతుల పిల్లలు గీతల్లేని పుస్తకంలో రాస్తే అక్షరాలు కొండెక్కుతాయి. పంపేముందు ఎవరైనా ఒక్క మాట అడిగి ఉంటే జామెట్రీ బాక్సులు అడిగేదాన్ని.

పంపిణీకి ఫొటోలు తీయాలి కాబట్టి ‘పేద పిల్లల’ జాబితా కావాలన్నారు. జాబితాలో ఈ పాప పేరు రాశాను. ఊరివాళ్లు ఇద్దరు ‘వాళ్లాయన గల్ఫ్‌ల ఉన్నడు కదా’ అన్నారు, వాళ్లమ్మ వినేలా. ఆ రోజు పాప బడికి రాలేదు. బ్యాగు ఆఫీసు గదిలో సంక్రాంతి దాకా ఉండిపోయింది.

మూడోది స్టేషనరీ డబ్బా. తరగతి మూలన ఒక అట్టపెట్టెలో చార్టులు, పెన్సిళ్లు, గమ్ము పెట్టి, ‘లేనివాళ్లు తీసుకోండి’ అని రాసి అంటించాను. మూడు వారాల్లో పోయినవి రెండు పెన్సిళ్లు. ఆ రెండూ తీసింది ఇంట్లో అన్నీ ఉన్న ఒక పిలగాడు. వాడికి ఉత్త సరదా. ‘లేనివాళ్లు’ అన్న ఒక్క మాటతో డబ్బా పనికిరాకుండా పోయింది. పదమూడేళ్ల పిల్లలు ముప్పై మంది చూస్తుండగా లేచివెళ్లి తమకు లేదని చూపించుకోరు, బడి మానడానికైనా ఇష్టపడతారు గానీ.

నాలుగోది చెడిపోయిందనలేను, సమయానికి అందేది కాదు, అంతే. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది, ఐదు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 1,500. తల్లి గుర్తింపు కార్డు, బ్యాంకు పుస్తకం, ఆధార్ వెతికించి దరఖాస్తు పెట్టించాను. రావాల్సిన డబ్బే, వస్తే బూట్లకో బ్యాగుకో పనికొస్తుంది. కానీ సాయంత్రం ఆరింటికి ‘రేపు చార్టు’ అన్నప్పుడు బ్యాంకులో ఎప్పుడో పడబోయే 1,500 ఏం ఆదుకుంటుంది? పాప ఇబ్బంది మొత్తంతో కన్నా గడువుతో ఎక్కువ. తల్లి మొదటి మాటలోనే చెప్పింది, నాకు ఎక్కడానికి రెండు నెలలు పట్టింది.

స్టాఫ్‌రూములో

నవంబరు చివరి వారంలో పాప పట్టికను, పాప పేరు చెప్పకుండా, బోర్డు మీద రాశాను. ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒక్కొక్కరు తమది తక్కువేనని చెప్పడం మొదలెట్టారు. ‘నాది చార్టే, పది రూపాయలు’ అని ముగ్గురన్నారు. ముగ్గురి పదులూ ఒకే ఇంటినుంచి రావాలన్నాను.

పీఎస్ సార్‌కు కోపమొచ్చింది. ఆయన మాటలో న్యాయముంది, అందుకే రాస్తున్నాను. “సర్కారు బడి పిల్లలు ఒక మోడల్ కూడా చేయొద్దా మేడం? ప్రైవేటు బడి పిల్లలు రంగురంగుల ప్రాజెక్టులు చేస్తుంటే వీళ్లు తెల్లకాగితం మీద రాసుకుంటూ కూర్చోవాలా? తనిఖీకి వచ్చినవాళ్లు గోడ మీద ఏముందనేగా చూస్తరు?” దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. థర్మాకోల్ లేకపోతే సైన్సు లేదా అని అడగొచ్చు, కానీ ఆయన అడుగుతోంది సైన్సు గురించి మాత్రమే కాదు, మా పిల్లల మర్యాద గురించి కూడా. ఆ మాట పక్కన పెట్టి ఏ నియమం పెట్టినా ఆయన పాటించడు, పాటించాలని నేను అనలేను.

అందుకని ఆ రోజు నియమాల మాట ఎత్తలేదు. పేరు లేకుండా చీటీ రాయమన్నాను: జూన్ నుంచి ఇప్పటిదాకా బడి సామాన్ల కోసం మీ జేబులోంచి ఎంత పెట్టారు? ఏడు చీటీలు వచ్చాయి. తక్కువ రాసింది 600, ఎక్కువ రాసింది 4,000. అన్నీ కూడితే 12,500. ఆ నాలుగు వేలు ఎవరివో చేతిరాత చూస్తే అందరికీ తెలిసింది, కొత్తగా ఉద్యోగంలో చేరిన హిందీ మేడంవి. పిల్లలు చార్టు తేకపోతే తనే కొనితెచ్చి రాయిస్తోందట. తిట్టని టీచరు ఖర్చు ఇదన్నమాట.

సర్వశిక్షా అభియాన్ రోజుల్లో బోధనోపకరణాలకని టీచరుకు ఏటా 500 వచ్చేవి. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక విడి గ్రాంటులు పోయి ఒకటే కాంపోజిట్ గ్రాంటు అయింది. వంద దాటి రెండొందల యాభై లోపు పిల్లలున్న మాలాంటి బడికి ఏడాదికి 50,000. అందులో పదో వంతు పారిశుద్ధ్యానికి. మిగిలిన దాంట్లోనే చాక్‌పీసులు, రిజిస్టర్లు, నల్లా రిపేర్లు, విరిగిన బెంచీకి వెల్డింగు. చార్టులు కొనొద్దని ఎవరూ అనలేదు. కావాలని ఎవరమూ అడగలేదు కూడా. మేం జేబులోంచి కొంటున్నాం, పిల్లలు బీడీల డబ్బుతో కొంటున్నారు. ఇద్దరికీ ఒకరి ఖర్చు ఒకరికి తెలియదు. ఆ చీటీలు చదివాక గది గొంతు మారింది. పిల్లల ఖర్చు గురించి చెప్పినప్పుడు వాదించినవాళ్లు తమ ఖర్చు కనబడగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. దీన్ని చిన్నతనంగా చూడొద్దు. పని అక్కడే మొదలైంది.

నిలబడినవి

మొదట పెట్టింది హెడ్మాస్టర్ టేబుల్ మీద ఒక రిజిస్టరు. పిల్లల చేత ఏదైనా కొనిపించాలంటే తరగతిలో చెప్పకముందు అందులో రాయాలి: తరగతి, వస్తువు, ధర, తేదీ. ఒక ఎఫ్‌ఏకు పిల్లకు 50 దాటకూడదు. కనీసం రెండు వారాల ముందు చెప్పాలి, మధ్యలో ఒక బట్వాడా రోజు రావాలి. బట్వాడా ముక్క పాప తల్లిది, నాది కాదు.

డిసెంబరులో ఎఫ్‌ఏ–3కి ఇది సగమే పనిచేసింది. గడువు ముందే తెలియడం బాగా కుదిరింది. 50 పరిమితి మాత్రం బోల్తా కొట్టింది. టీచర్లం ‘ఇష్టమైతే తేండి’ అనడం మొదలెట్టాం. స్తోమత ఉన్నవాళ్లు తెచ్చారు, మెరుపు కాగితాలు, ముత్యాల అంచులు. వాటికి ఐదు, మిగతావాటికి మూడు. నేనూ అలాగే వేశాను, కన్ను అందంగా ఉన్నదానికే పోతుంది. తప్పనిసరి ఖర్చు పోయి పోటీ ఖర్చు వచ్చింది. ఇది ఇంకా చెడ్డది, ఎందుకంటే ‘మేం అడగలేదు కదా’ అని మేం చేతులు దులుపుకోవచ్చు.

అప్పుడు మార్కులెలా వేస్తున్నామో చూసుకున్నాం. జనవరిలో కూర్చుని ఎఫ్‌ఏ–4కి ఒక్క నిబంధన పెట్టుకున్నాం: ప్రాజెక్టు సర్కారు ఇచ్చిన నోట్‌బుక్కులోనే, అందంగా ఉందని మార్కు లేదు, సమాచారం పిల్లలు స్వయంగా సేకరించాలి. లెక్కల్లో ఐదిళ్ల కరెంటు బిల్లుల యూనిట్లు, సగటు, కమ్మీ రేఖాచిత్రం. సోషల్‌లో వారాంతపు అంగడిలో కూరగాయల ధరలు. బయోలో పాలు ఏ పాత్రలో, ఎంత వేడిలో, ఎంతసేపటికి తోడుకుంటున్నాయో. పీఎస్ సార్ ఘర్షణ పాఠానికి ఒక గాజు సీసా ఇచ్చి, గోనెపట్టా మీద, సిమెంటు మీద, మట్టి మీద దొర్లించి దూరాలు కొలిపించాడు. పిల్లలు వరండాలో చేస్తుంటే పంచాయతీ ఆఫీసుకు వచ్చినవాళ్లు నిలబడి చూశారు. మా పిల్లలు ఎవరికీ తీసిపోకూడదన్న ఆయన పట్టుదల ఆ వరండాలో తీరింది. గోడకు ఏం పెట్టాలన్న ప్రశ్నకు కూడా ఆయనే దారి చూపాడు: తరగతికి ఒక పెద్ద చార్టు, బడి డబ్బుతో, అందరూ కలిసి.

రెండోది తరగతి అల్మారా. చతుర్భుజాల నిర్మాణం చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఒకటే గోల, సగం మందికి వృత్తలేఖిని ఉండదు. కొన్నవాళ్లది కూడా మర వదులై, చాపం గీసేలోపే కాళ్లు చాపుకుంటుంది. ఈసారి జామెట్రీ బాక్సులు కొనలేదు. రేకు డబ్బా, విభాగిని, తరగతిలో ఎప్పుడో గానీ వాడని మూలమట్టాలు, వీటన్నిటికీ ధర కడతాం. జిల్లా కేంద్రంలో హోల్‌సేల్ దుకాణంలో విడిగా అడిగితే ఇచ్చారు. వృత్తలేఖినులు 12, ఒక్కోటి 18 చొప్పున 216. కోణమానినులు 12, స్కేళ్లు 12, అయిదేసి రూపాయలు, కలిపి 120. చార్టులు 20కి 160, స్కెచ్ పెన్నులు ఆరు సెట్లు 150, కత్తెరలు ఆరు 120, పెద్ద గమ్ము సీసా 80. మొత్తం 846 రూపాయలు, గ్రాంటులోంచి, బిల్లుతో.

ముప్పై ఒక్క మందికి పన్నెండు చాలతాయా అంటే చాలతాయి. ఇద్దరిద్దరు, ముగ్గురేసి కూర్చుంటే ఒకరు గీస్తుంటే ఒకరు కొలుస్తారు. డబ్బాతో నేర్చుకున్న పాఠం ఇక్కడ వాడాను: ఇంట్లో బాక్సున్నవాళ్లు కూడా తరగతిలో బడివే వాడాలి. మొదటి వారం ఇద్దరు తండ్రులు ఫోన్ చేసి ‘మేం కొనిచ్చినం కదా, ఎందుకు వద్దంటున్నరు’ అని అడిగారు. ఇంటిపనికి వాడుకోమన్నాను. ఎందుకో పూర్తిగా చెప్పలేదు, చెప్తే అసలు ఉద్దేశం పోతుంది.

పోయేవి పోతాయి. మొదటి నెలలో రెండు కోణమానినులు విరిగాయి, ఒక వృత్తలేఖిని మాయమైంది. పాత గోళ్లరంగుతో నంబర్లు వేసి, గంట చివర లెక్కపెట్టే పని లీడర్‌కు అప్పగించాక ఆగింది. వృత్తలేఖినికి పట్టే పెన్సిలు ముక్కల కోసం కొత్తవి కొనక్కర్లేదు, పిల్లలు పారేసే బెత్తెడు ముక్కలన్నీ ఒక అగ్గిపెట్టెలో వేయించండి.

ఏం మారింది

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పాప మానింది మూడు రోజులు, మూడూ జ్వరంతో. ఎఫ్‌ఏ–4లో ఏడు సబ్జెక్టుల్లోనూ ప్రాజెక్టు ఇచ్చింది. కరెంటు బిల్లుల ప్రాజెక్టు కింద, నేను అడగకుండానే, ఇంకో పట్టిక వేసింది: వెయ్యి బీడీలకు ఎన్ని కట్టలు, కార్ఖానాలో పక్కకు తీసేసేవి ఎన్ని, అవి పోగా చేతికొచ్చేది ఎంత శాతం. శాతం తప్పు వేసింది. దిద్ది ఇచ్చాను. మార్కు తగ్గించాను కూడా, ఆమె మీద జాలి చూపించే రోజులు అయిపోయాయి.

ఇదంతా మా రిజిస్టరు మహిమే అనలేను. జనవరిలో తండ్రి అప్పు ఒకటి తీరిందని తల్లి చెప్పింది. ఇంట్లో ఊపిరి ఆడటానికి అదీ ఒక కారణమే. కానీ గడువు, మొత్తం, తిట్టు, ఈ మూడూ మా చేతిలో ఉన్నవి, వాటిని మార్చాకే హాజరు మారింది.

మళ్లీ ఇలాంటి కేసు వస్తే

హాజరు రిజిస్టరును తేదీల వారీగా చదవడం ముందు చేస్తాను. మొత్తం శాతం చూస్తే ఈ పాప మామూలు పిల్ల, తేదీలు చూస్తేనే కథ బయటపడింది. ‘ఎంత ఖర్చవుతోంది’ అని తల్లిని అడగను, ‘ఎప్పుడు అడుగుతున్నారు’ అని అడుగుతాను. పేద పిల్లల జాబితా రాయను. ఇచ్చేదేదైనా తరగతి మొత్తానికి ఇస్తాను, కాకపోతే ఇవ్వను. దాతలు ఫోన్ చేస్తే వస్తువుతో పాటు గీతల రకం, పేజీల సంఖ్య కూడా చెప్తాను.

2025 సెప్టెంబరు 22 నుంచి నోట్‌బుక్కులు, పెన్సిళ్లు, రబ్బర్ల మీద జీఎస్టీ తీసేశారు. జామెట్రీ బాక్సుల మీద 12 శాతాన్ని 5 చేశారు. కట్టలుగా కొనేవాళ్లకు ఇది మంచి సంగతి, మా అల్మారా బిల్లుకూ కొంత తేడా వస్తుంది. మా ఊరినుంచి ఒక్క చార్టు కోసం మండలానికి వెళ్లే ఆటో కిరాయి మాత్రం అదే నలభై.

సహోద్యోగుల గురించి ఒక మాట. పిల్లల లెక్కతో మొదలుపెట్టి ఉంటే ఈ మార్పు వచ్చేది కాదనుకుంటాను. ఏడు చీటీలే చేశాయి ఆ పని. కొత్తగా చేరినవాళ్ల జేబు ముందు చూడండి, మంచి పేరు కోసం వాళ్లే ఎక్కువ పెడతారు, చెప్పుకోరు.

తెగనిది

రిజిస్టరు చదువు సామాన్లకు పెట్టాం. జనవరి 26కు మార్చ్‌పాస్ట్ అన్నారు, తెల్ల బూట్లు అన్నారు. అది ఎవరూ రిజిస్టరులో రాయలేదు, ‘సామాను’ కిందికి రాదు కదా అని. మార్చిలో వార్షికోత్సవం. ఆడపిల్లల డాన్సుకు అద్దె డ్రెస్సులు, తలా మూడొందలు. ఈ పాప తరగతిలో అందరికంటే బాగా అడుగులేస్తుంది, మధ్యాహ్నం అన్నం తిన్నాక వరండాలో నేను చూశాను. పేర్లు రాసుకునే రోజు చెయ్యి ఎత్తలేదు. అడిగితే, “డాన్సంటే ఇష్టం లేదు మేడం,” అంది.

2025–26లో పాప తొమ్మిదికి వచ్చింది. వార్షికోత్సవం ఖర్చు కూడా రిజిస్టరులో రాయాలని జూన్‌లో స్టాఫ్ మీటింగులో అడిగాను. ‘పండుగలకు కూడా లెక్కలేనా మేడం’ అని నవ్వారు. ఆ పేజీకి పైన శీర్షిక రాసి ఉంచాను. కింద ఇంకా ఎవరూ ఏమీ రాయలేదు.